మెటల్‌ డిటెక్టర్‌ విమానమెక్కితే..!

విదేశాల్లో అదో సరదా. వారాంతంలో భుజాన వేసుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్లి పాత నాణేలు వెతుక్కునే ఆట. అదే పరికరం సూట్‌కేసులో సర్దుకుని సొంతూరికి వస్తే? విమానాశ్రయంలో ఓ ప్రశ్న, ఊళ్లో ఇంకో ప్రశ్న, తిరుగు ప్రయాణంలో మరో ప్రశ్న! కారేపల్లి లాంటి అడవి అంచు ఊళ్లలో అయితే జవాబులు సిద్ధంగా ఉంచుకునే అడుగు పెట్టాలి.

అమెరికాలోని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కారేపల్లి కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. ఫిబ్రవరిలో ఇంటి నుంచి ఫోన్‌. మిరపకాయలు ఏరుతుంటే అమ్మ మెడలోని పుస్తెలతాడు తెగి చేలో ఎక్కడో పడిపోయింది. కూలీలంతా కలిసి సాలు సాలు వెతికారు. దొరకలేదు. ముప్పై ఏళ్లనాటి పుస్తెలు. కొత్తవి చేయించలేక కాదు, కానీ అమ్మకు అన్నం సయించడం లేదు.

‘‘నేనొచ్చేదాకా చేను దున్నించకమ్మా’’ అన్నాడు కొడుకు.

మర్నాడే ఇంటర్నెట్‌లో మెటల్‌ డిటెక్టర్‌ కొన్నాడు. వేసవి సెలవులకు టికెట్‌ తీశాడు. అక్కడివరకూ బాగానే ఉంది. సూట్‌కేసు ముందు కూర్చున్నాకే అనుమానాలు మొదలయ్యాయి. దీన్ని విమానంలో తీసుకెళ్లనిస్తారా? హైదరాబాద్‌లో దిగాక కస్టమ్స్‌ వాళ్లు ఏమంటారు? ఊళ్లో దాన్ని పట్టుకుని నడిస్తే జనం ఏమనుకుంటారు?

మూడూ సరైన ప్రశ్నలే.

దొంగకే దొంగ!

విచిత్రం ఏమిటంటే, విమానాశ్రయంలో మనం దాటి వెళ్లే గుమ్మం కూడా మెటల్‌ డిటెక్టరే. భద్రతా సిబ్బంది చేతిలో ‘కుయ్‌’మనే కర్ర కూడా అదే. తీగచుట్టలోకి విద్యుత్తు పంపిస్తే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని పరిధిలోకి లోహం వస్తే అందులోనూ చిన్న సుడి ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రభావాన్ని పరికరం పసిగట్టి మోగుతుంది. గుమ్మమైనా, చేతికర్రయినా, చేలో తిప్పే పళ్లెమైనా సూత్రం ఒక్కటే.

ఈ పరికరం చరిత్ర మొదలైంది ఓ ప్రాణం కోసం. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుచిక్కలేదు. టెలిఫోన్‌ కనిపెట్టిన అలెగ్జాండర్‌ గ్రాహంబెల్‌ హుటాహుటిన ఓ యంత్రం తయారుచేసి తెచ్చాడు. బయట చక్కగా పనిచేసిన యంత్రం అధ్యక్షుడి మంచం దగ్గర మాత్రం గందరగోళపడింది. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అందుకు ఓ కారణమంటారు. పైగా వైద్యుడు శరీరంలో ఒక పక్కనే వెతకనిచ్చాడు. తూటా ఉన్నది రెండో పక్క! సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించాడు. యంత్రం ఎంత మంచిదైనా, ఎక్కడ వెతకాలో తెలియకపోతే దండగ అన్న పాఠం ఆనాడే తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌ సైనికాధికారి యోజెఫ్‌ కొసాట్‌స్కీ మందుపాతరలను పట్టే పరికరాన్ని రూపొందించాడు. 1942లో ఈజిప్టులోని ఎల్‌ అలమైన్‌ యుద్ధంలో అది బ్రిటిష్‌ సేనలకు దారి చూపింది. విమానాల హైజాకింగులు పెరిగిపోవడంతో 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రయాణికులందరికీ తనిఖీ తప్పనిసరైంది. అలా యుద్ధభూమి నుంచి విమానాశ్రయం గుమ్మంలోకి, అక్కణ్నుంచి సరదారాయుళ్ల చేతుల్లోకి వచ్చిందది.

ఏది సంచిలో, ఏది చేతిలో?

మెటల్‌ డిటెక్టర్‌ నిషిద్ధ వస్తువేమీ కాదు. ఆయుధం అంతకంటే కాదు. కానీ ఎక్స్‌రే తెరమీద దాని రూపం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. గుండ్రటి తీగచుట్ట, వైర్లు, బ్యాటరీ, పొడవాటి గొట్టం... అన్నీ ఒకేచోట! అందుకే విప్పి సర్దడంలోనే ఉంది నేర్పంతా.

గొట్టాన్ని మూడు ముక్కలుగా విడదీసి బట్టల మధ్య పెట్టి చెకిన్‌ సామానులో వేయాలి. మట్టి తవ్వే చిన్న పార, కత్తిలాంటి పరికరం కూడా అందులోకే. వాటిని చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీ దగ్గర వదిలేసి వెళ్లాల్సిందే. ఖరీదైన కంట్రోల్‌ బాక్సు, తీగచుట్ట ఉన్న పళ్లెం చేతిసంచిలో ఉంటే విరిగిపోతాయన్న భయం ఉండదు. సిబ్బంది అడిగితే తీసి చూపించి చెప్పడమూ తేలిక. అయితే విమానంలోకి అనుమతించాలా వద్దా అన్నది చివరికి అక్కడున్న అధికారి నిర్ణయమే. వాదన పెట్టుకుంటే విమానం వెళ్లిపోతుంది, అంతే!

అసలు చిక్కంతా బ్యాటరీతో. విడిగా ఉన్న లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చెకిన్‌ సామానులో పెట్టకూడదు. సామాన్ల అరలో నిప్పంటుకుంటే ఎవరికీ తెలియదు. అదే మనుషులున్నచోట అయితే వెంటనే ఆర్పొచ్చు. 100 వాట్‌ అవర్ల వరకూ సామర్థ్యమున్న వాటిని చేతిసంచిలో తీసుకెళ్లొచ్చు. 100 నుంచి 160 వరకూ ఉంటే విమానసంస్థ అనుమతి కావాలి. అది కూడా విడి బ్యాటరీలు రెండుకు మించకూడదు. లెక్క సులువే. బ్యాటరీ మీద రాసి ఉన్న వోల్టులను ఆంపియర్‌ అవర్లతో గుణిస్తే చాలు. 3.7 వోల్టులు, 5 ఆంపియర్‌ అవర్లు అయితే 18.5 వాట్‌ అవర్లు. చేలో తిప్పే డిటెక్టర్ల బ్యాటరీలు చాలావరకూ ఈ కోవలోనివే. పరికరంలోనే బిగించి ఉన్న బ్యాటరీ అయితే పూర్తిగా ఆపేసి, ప్రయాణంలో దానంతటది ఆన్‌ కాకుండా జాగ్రత్తపడాలి.

ఇంకో చిన్న విషయం. పారకు, పళ్లేనికి అంటిన మట్టిని కడిగి మరీ సర్దుకోవాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ లాంటి దేశాల్లో మట్టి అంటిన సామాను తెస్తే ముందే చెప్పి తీరాలి. పరాయి నేల తెగుళ్లు తమ పంటలకు సోకుతాయన్నది వాళ్ల భయం. రైతుబిడ్డకు ఆ మాట ఒకరు చెప్పాలా!

హైదరాబాద్‌లో దిగాక పరికరం విలువ సుంకం లేని పరిమితిని దాటితే కస్టమ్స్‌ దగ్గర ఎర్రదారిలో వెళ్లి చెప్పడం మర్యాద, క్షేమం కూడా. కొన్న రసీదు చేతిలో ఉంచుకోవాలి. ‘ఎలాగూ తీసుకెళ్తున్నాం కదా’ అని దాంతోపాటు డ్రోనో, శాటిలైట్‌ ఫోనో వేసుకుంటే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. అనుమతి లేని శాటిలైట్‌ ఫోన్‌తో దొరికితే కేసే.

పాతర అంటే రెండర్థాలు

పూర్వం తెలుగు పల్లెల్లో ధాన్యాన్ని దాచుకునే గొయ్యి పేరు పాతర. తరవాతి కాలంలో ఆ మాటకు ముందు ‘మందు’ చేరింది. మందుపాతర! ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెలకు ఈ రెండో అర్థమే ఎక్కువ పరిచయం. ఈ ప్రాంతంలో దశాబ్దాలపాటు మెటల్‌ డిటెక్టర్‌ అంటే పోలీసుల చేతిలో కనిపించే పరికరం. కల్వర్టు కింద, మట్టిరోడ్డు పక్కన, ప్రముఖులు వచ్చే దారిలో ఒక్కో అడుగూ తడుముకుంటూ వెళ్లే బాంబ్‌ స్క్వాడ్‌ సాధనం.

అదేమీ మరీ పాత ముచ్చట కాదు. 2025 ఏప్రిల్‌లో ములుగు జిల్లా సరిహద్దులోని కర్రెగుట్టల్లో బాంబులు అమర్చామనీ, అటు రావద్దనీ మావోయిస్టులే ప్రకటన విడుదల చేశారు. ఆ తరవాత ఏప్రిల్‌ 21 నుంచి మే 11 వరకూ అక్కడ సాగిన గాలింపులో 450 ఐఈడీలు దొరికినట్లు భద్రతా దళాలు వెల్లడించాయి. ఆకులు కోయడానికో, వంటచెరకు కోసమో వెళ్లే గిరిజనుడికి ఆ గుట్టలో ప్రతి అడుగూ గండమే.

కాబట్టి ఈ అంచున ఎవరైనా కొత్త మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నేలమీద పళ్లెం ఆడిస్తూ నడిస్తే చూసినవాళ్లు రెండే అనుకుంటారు. అయితే పోలీసు, లేదంటే గుప్తనిధుల ముఠా. రెండోదే అయితే మాట్లాడేలోపే నాలుగు తగిలినా తగలొచ్చు. దానికీ కారణం ఉంది. కాకతీయుల నాటి గుళ్లలో శివలింగాలను పెకలించినవాళ్లూ, నందుల పొట్టలు పగలగొట్టినవాళ్లూ, గర్భగుడిలో గోతులు తవ్వినవాళ్లూ ఈ నేలమీద తక్కువేం కాదు. లంకె బిందెల ఆశ ఎన్ని శిల్పాలను మింగేసిందో లెక్కలేదు.

దొరికితే ఎవరిది?

సరే, ఎవరికీ అభ్యంతరం లేకుండా సొంత చేలోనే వెతికాడనుకుందాం. పుస్తెల కోసం వెతుకుతుంటే పాత నాణేల ముంత తగిలింది. మన పట్టా భూమి, మన చేతికి దొరికింది, ఇక మనదేనా?

కాదు! 1878 నాటి ఇండియన్‌ ట్రెజర్‌ ట్రోవ్‌ చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న విలువైన వస్తువేదైనా నిధే. దాని విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు... అన్నీ! వస్తువును దగ్గర్లోని ప్రభుత్వ ఖజానాకు అప్పగించాలి. లేదంటే అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులుంటే రమ్మని పిలుస్తారు. విచారణకు కనీసం నాలుగు నెలల గడువుంటుంది.

అప్పగిస్తే మొత్తం పోయినట్టేనన్నది చాలామంది భయం. అది నిజం కాదు. హక్కుదారులెవరూ లేరని తేలితే నిధి దొరికినవాళ్లకే చెందుతుంది. భూమి యజమాని వేరే ఉండి, వాటా అడిగితే నాలుగింట మూడొంతులు దొరికినవాళ్లకు, మిగిలింది యజమానికి. ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహం విలువకు మరో అయిదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే మాత్రం ఆ వాటా మొత్తం ప్రభుత్వపరం. ఏడాది వరకూ జైలు, జరిమానా కూడా పడొచ్చు. అంటే, చెప్పినవాడికి వాటా, దాచినవాడికి శిక్ష! నూట నలభై ఏళ్లు దాటిన చట్టమైనా లెక్క ఇంత సూటిగా ఉంది.

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో జరిగింది గుర్తుండే ఉంటుంది. భూమి చదును చేయిస్తుంటే బిందె బయటపడింది. అందులో బంగారు, వెండి ఆభరణాలు. విషయం అధికారులకు చేరింది. సొత్తు ప్రభుత్వం చేతికి వెళ్లింది. అక్కడ ఏ డిటెక్టరూ లేదు. యంత్రం నేలను కదిపితే అదే బయటపడింది.

డిటెక్టర్లూ, స్కానర్లూ, కలలూ నమ్ముకుని తవ్విన చోట్ల ఏమైందో కూడా చూడాలి. ఉత్తరప్రదేశ్‌లోని దౌండియాఖేడాలో వెయ్యి టన్నుల బంగారం ఉందని ఓ సాధువుకు కల వచ్చిందంటే, 2013 అక్టోబరులో పురావస్తు శాఖ పలుగూ పారా పట్టింది. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. బంగారం జాడ లేదు. కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో తవ్వకాలు మొదలయ్యాయి. అక్కడా ఆశించిన నిధి దొరకలేదు.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష

వచ్చేటప్పుడు డిటెక్టర్‌తో వచ్చే చిక్కు చిన్నది. వెళ్లేటప్పుడు జేబులో ఉన్న వస్తువుతో వచ్చేది పెద్దది.

చేలో ఓ చార్మినార్‌ బొమ్మ నాణెం దొరికిందనుకోండి. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ 1869 నుంచి 1911 వరకూ పాలించాడు. ఆయన కాలపు నాణెమంటే వందేళ్లు దాటేసినట్టే. వందేళ్లు పైబడిన నాణెం, శిల్పం, కళాఖండం ఏదైనా 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు మామూలు ప్రయాణికుడికి లేదు. ‘మా తాత పొలంలో దొరికింది, జ్ఞాపకంగా తీసుకెళ్తున్నా’ అంటే కుదరదు. నేరం రుజువైతే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకూ జైలు. పాతదిగా కనిపించే వస్తువు నిజానికి పాతది కాకపోతే, ఆ సంగతి ధ్రువీకరిస్తూ భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి పత్రం తీసుకుని వెళ్లడమే క్షేమం.

విదేశాల్లోనూ ఈ సరదాకు పగ్గాలున్నాయి. బ్రిటన్‌లో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం దొరికింది చెబితే బహుమానం ఇస్తారు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌ పొలంలో ఒకాయనకు దొరికిన ఆంగ్లో-శాక్సన్‌ బంగారానికి దాదాపు 33 లక్షల పౌండ్ల విలువ కట్టి, ఆయనకూ రైతుకూ చెరిసగం ఇచ్చారు. పక్కనే ఉన్న ఐర్లాండ్‌లో మాత్రం పురావస్తువుల కోసం డిటెక్టర్‌ తిప్పాలంటే ముందే అనుమతి ఉండాలి. అమెరికా జాతీయ పార్కుల్లో వాడటం అటుంచి, వాడకానికి సిద్ధంగా చేతిలో ఉన్నా తప్పే. విప్పి, సర్ది పెట్టి ఉంటేనే మినహాయింపు. అంటే డాలస్‌ కుర్రాడు పక్క రాష్ట్రానికి షికారు వెళ్లినా నిబంధనలు చదువుకోవాల్సిందే.

ఇనుప నేలలో బంగారం వెతుకులాట

అన్ని ప్రశ్నలకూ జవాబు దొరికి, కుర్రాడు కారేపల్లి చేరాడు. ఇక అసలు పని!

ఇక్కడే నేల మెలిక పెడుతుంది. పక్కనే బయ్యారం. ఇనుప ఖనిజానికి పేరున్న ప్రాంతం. ఇనుము కలిసిన ఎర్రనేలలో డిటెక్టర్‌ ఊరికే కూస్తుంది. లోహం లేకపోయినా మోగుతుంది, ఉన్నదాన్ని దాచేస్తుంది. అందుకే వెతకడానికి ముందు పరికరాన్ని ఆ నేలకు అలవాటు చేయాలి. దీన్నే ‘గ్రౌండ్‌ బ్యాలెన్స్‌’ అంటారు. ఆ పని చేసినా చిన్న నాణెంలాంటి వస్తువు జానెడు, జానెడున్నర లోతు దాటితే మామూలు డిటెక్టర్‌కు అందడం కష్టం. ‘ఇరవై అడుగుల లోతున బంగారాన్ని చూపిస్తుంది’ అని చెప్పి అమ్మేవాళ్లను నమ్మితే జేబులో బంగారం పోతుంది!

ఇలాంటి మోసం ఎంత దూరం వెళ్లిందో తెలిపే కథ ఒకటుంది. జేమ్స్‌ మెకార్మిక్‌ అనే బ్రిటిష్‌ వ్యాపారి ‘ఏడీఈ 651’ పేరుతో బాంబులు పసిగట్టే పరికరమంటూ ఇరాక్‌కు వేలకొద్దీ అమ్మాడు. లోపల ఏమీ లేని ప్లాస్టిక్‌ పిడి, దానికో యాంటెన్నా... అంతే! దాన్ని నమ్ముకుని తనిఖీ కేంద్రాల్లో బాంబులను వదిలేశారు. 2013లో బ్రిటన్‌ కోర్టు అతడికి పదేళ్ల జైలుశిక్ష వేసింది. మన దగ్గర ‘రైస్‌ పుల్లింగ్‌’ చెంబు అమ్మేవాళ్లు కూడా ఆ తానులో ముక్కలే.

పుస్తెలతాడు విషయంలో మరో కిటుకుంది. సన్నటి గొలుసు డిటెక్టర్‌కు సరిగా అందదు. దానికి అది ఒక్క వస్తువులా కాక చిన్న చిన్న కడియాల వరసలా కనిపిస్తుంది. పుస్తెలు మాత్రం బిళ్లల్లా గట్టిగా ఉంటాయి కాబట్టి వాటి సంకేతం బాగా వినిపిస్తుంది. పక్కింటి పిన్నిని అడిగి అలాంటి పుస్తె ఒకటి తీసుకుని, చేను గట్టున బెత్తెడు లోతులో పెట్టి, తెరమీద ఏ అంకె వస్తుందో ముందే చూసుకోవాలి. తరవాత చేనంతా తాళ్లతో గళ్లు కట్టుకుని, ఒక్కో గడిలో నెమ్మదిగా, నేలకు ఆనించినట్టు పళ్లెం తిప్పాలి. మట్టెలు, గాజులు, సెల్‌ఫోన్‌ ఉన్నవాళ్లు దూరంగా నిలబడాలి. పురుగుమందు ప్యాకెట్ల రేకు, గుట్కా పొట్లాలు, సీసామూతలు, కంచె తీగముక్కలు... బంగారానికంటే ముందు ఇవన్నీ పలకరిస్తాయి. ఓపిక పట్టాలి.

పట్టపగలే వెతకాలి. గ్రామపంచాయతీకీ, పోలీస్‌స్టేషన్‌కీ ముందే ఓ మాట చెప్పాలి. అడవిలోకి, గుడి ఆవరణలోకి, కోట గోడల దగ్గరికి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లకి అసలు వెళ్లకూడదు. వైర్లు, డబ్బాలాంటివి బయటపడితే ముట్టుకోకుండా దూరం జరిగి, పోలీసులకు చెప్పాలి. చేను అడవి అంచునే కదా!

తెలిసిన మనిషి పోగొట్టుకున్న నగ నిధి కాదు. అది ఆవిడ సొత్తే. కొడుకు చేతికి దొరికితే తల్లి మెడలోకి చేరడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

నేల దాచింది నేలే చెప్పింది

కారేపల్లి జనానికి నేల కింద దాగిన సంపద గురించి ఒకరు చెప్పక్కర్లేదు. మండలానికి ఉన్న ఇంకో పేరు సింగరేణి. భద్రాచలం యాత్రకు వెళ్తున్నవాళ్లు పొయ్యి పెట్టుకోవడానికి నల్లరాళ్లు పేరిస్తే, పొయ్యితోపాటు రాళ్లూ మండాయని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్‌ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టారు. ఆ గనులకు ఈ సింగరేణి పేరే స్థిరపడింది. డోర్నకల్‌ నుంచి రైలు దారి పడింది, కారేపల్లి జంక్షనయ్యింది. అంత పెద్ద నిధి బయటపడింది ఏ కూతల యంత్రంతోనూ కాదు. కనిపించిన వింతను ఎవరో దాచకుండా నలుగురికీ చెప్పారు, తెలిసినవాళ్లు వచ్చి చూశారు. అంతే.

మెటల్‌ డిటెక్టర్‌ కూడా చేసేది అదే. నేలలో ఏదో ఉందని చెబుతుంది. అది ఏమిటో, ఎవరిదో, తవ్వొచ్చో కూడదో చెప్పదు. ఆ పని దాన్ని పట్టుకున్న మనిషిదే.

మిరప మోళ్ల మధ్య ఓ సాయంత్రం పళ్లెం ఒక్కసారి గట్టిగా మోగి, బెత్తెడు మట్టి తీస్తే పసుపుతాడు కొస కనిపించిందనుకోండి. అంతదూరం నుంచి మోసుకొచ్చిన రెండు కిలోల బరువుకు అంతకంటే ఫలితం ఏముంటుంది! కనిపించకపోయినా, తన పుస్తెల కోసం కొడుకు ఏడు సముద్రాలు దాటొచ్చి సాలు సాలూ వెతికాడన్న మాట ఆ తల్లికి మిగులుతుంది. దానికి కస్టమ్స్‌ సుంకం లేదు!

ప్రయాణానికి ముందు ఓసారి...

• గొట్టం, పార, తవ్వే కత్తి చెకిన్‌ సామానులోకి. కంట్రోల్‌ బాక్సు, పళ్లెం చేతిసంచిలోకి.

• విడి లిథియం బ్యాటరీలు చేతిసంచిలోనే. కొసలకు టేపు అంటించాలి.

• కొన్న రసీదు, పరికరం వాడకం వివరించే చిన్న పుస్తకం వెంట ఉంచుకోవాలి.

• దారిలో విమానం మారే దేశం నిబంధనలు కూడా ముందే కనుక్కోవాలి.

• వెతికేది సొంత భూమిలోనే. పరాయి భూమి అయితే యజమాని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

• పాత వస్తువు దొరికితే కడగొద్దు, తోమొద్దు. ఉన్నచోటు ఫొటో తీసి కలెక్టరుకు తెలియజేయాలి.

• వందేళ్లు దాటిన నాణెం ఒక్కటైనా సరే, విమానమెక్కించొద్దు.